పిడికెడు తీసి పక్కన పెట్టే విద్య

ముందు పిడికిలి సంగతి చెప్పాలి. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఇంటిల్లిపాదికీ సరిపడా బియ్యం కొలిచి చాటలో పోసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తారు. అంతే. వారమంతా అలా జమైన బియ్యాన్ని ఆదివారం గుడికి పట్టుకెళ్ళి గంపలో పోస్తారు. చూసేవాళ్ళకు ఇందులో విద్య ఏముందిలే అనిపిస్తుంది. నాగర్‌కర్నూలు, కల్వకుర్తి, దేవరకొండ వైపు మెన్నొనైట్ బ్రదరెన్ క్రైస్తవ సంఘాల్లో, నల్లగొండ బాప్టిస్టు సంఘాల్లో పాతకాలపు ఆడవాళ్ళు ఈ పని చేసే తీరును పక్కన కూర్చుని చూసినవాణ్ణి. ఇంత నేర్పుగల దానం నేను మరెక్కడా చూడలేదు.

బస్తాలోంచి తీయకూడదు. అదీ మొదటి కట్టుబాటు. కొలిచిన గింజల్లోంచే తీయాలి. బస్తాలోంచి ఎంత తీసినా ఆ పూట ఎవరికీ ఏమీ తగ్గదు. కొలిచినదాంట్లోంచి తీస్తే కుండలో అన్నం అంతమేరకు తగ్గుతుంది. ఆ తగ్గింది ఎవరి కంచంలో తగ్గుతుందో మన ఇళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అందరికీ పెట్టి ఆఖర్న తినే మనిషి కంచంలో. సంఘం పుస్తకంలో ఇంటాయన పేరు రాసుకుంటే రాసుకోనీ, ఇచ్చింది మాత్రం ఆమె.

నూకలు వేయకూడదు. ఏ బియ్యం తింటే ఆ బియ్యమే. కడగకముందు, పొడి చేత్తో తీయాలి. తడి తగిలితే ఆదివారానికి ముక్క వాసన వస్తుంది. డబ్బా అడుగున నాలుగు ఎండిన వేపాకులు పరుస్తారు, పురుగు పట్టకుండా. పిడికిలి బిగించి తీయాలి గానీ వేళ్ళ కొసలతో గిల్లినట్టు తీయకూడదు. రెండు పూటలు వండితే రెండు పిడికిళ్ళు. ఇంట్లో చుట్టాలున్నారని ఆపకూడదు; చుట్టాల కోసం ఎక్కువ కొలుస్తాం కదా, వాళ్ళ పేరున ఇంకో పిడికెడు వేసే ఇళ్ళు కూడా ఉన్నాయి. లెక్కపెట్టుకోకూడదు. డబ్బా ఎంత నిండిందని మూత తీసి చూసుకోవడం కూడా తప్పే అనేవాళ్ళున్నారు. ఇది కొంచెం అతి అనిపిస్తుంది నాకు, అయినా ఆ అతి మీద గౌరవమే.

కల్వకుర్తి దగ్గరి ఊళ్ళో ఒక పెద్దమ్మను అడిగాను. "పెద్దమ్మా, అందరు తిన్నంక మిగిలింది ఇస్తే సాలదా?" అని. నా మొహం చూసి జాలిపడింది. "మిగిలింది కుక్కక్కూడ ఏస్తం గద బిడ్డా. గది ఇచ్చుడెట్లయితది?" అంది. వేదాంత కళాశాలల్లో మూడేళ్ళు చదివి వచ్చినవాళ్ళ నోట కూడా దానం గురించి ఇంత తేటగా నేను వినలేదు.

బియ్యం అంటున్నాను గానీ ఇది మొదటినుంచీ బియ్యపు సీమ కాదు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి వేసి, 1967లో కాలువలకు నీళ్ళు వదిలాక మిర్యాలగూడ వైపు మాగాణి పండింది. పక్కనున్న దేవరకొండ గుట్టలకూ, ఇటు అచ్చంపేట, కల్వకుర్తి చెలకలకూ ఆ నీళ్ళు అప్పుడు ఎక్కలేదు. అప్పట్లో ఇక్కడి తిండి జొన్నరొట్టె, జొన్నగట్క, సజ్జరొట్టె, అంబలి. పాతరోజుల్లో డబ్బాలో పడింది జొన్నలే. పండక్కో పబ్బానికో వరన్నం. ఆ వరన్నం వండే పూట కూడా పిడికెడు తీశారంటే ఆ మనుషులు ఎలాంటివాళ్ళో ఆలోచించండి. ఏడాదిలో ఏడెనిమిది నెలలు పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్‌గా దేశం మీద పడి, ఎక్కడెక్కడి డ్యాములకో మట్టి మోసిన జనం వీళ్ళు. నల్లగొండ పక్క మునుగోడు, మర్రిగూడ ఊళ్ళలో ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన జనం. తీసుకోవలసినవాళ్ళ జాబితాలో ముందుండాల్సిన వాళ్ళే ఇచ్చేవాళ్ళయ్యారు.

ఒక ఊళ్ళో చెదలు తిన్న సంఘం పుస్తకం చూశాను. నిజాం కాలపు హాలీ సిక్కా లెక్కల మధ్య వరసగా రాసుంది: జొన్నలు మూడు శేర్లు, కోడిగుడ్లు నాలుగు, పుంజు ఒకటి, సొరకాయ ఒకటి. ఎదుటి పేజీలో ఖర్చు. పాము కరిచి చనిపోయినవాడి ఇంటికి జొన్నలు రెండు శేర్లు. జ్వరంతో పడున్న బోధకుడికి ఒక శేరు. తెచ్చినవాళ్ళ పేర్లు లేవు.

పంచడంలోనూ పనితనం ఉంది. సాయం అందుకునే ఇల్లాలు తల దించుకునేలా ఇస్తే అది ఇవ్వడమే కాదని బైబిల్ స్త్రీలు గట్టిగా నమ్మారు. బైబిల్ స్త్రీ అంటే ఈ తరానికి తెలియదేమో. మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, చంకన సంచితో ఊరూరా నడిచి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని వాక్యం చెప్పిన మన ఊరి ఆడమనిషి. సాధారణంగా వితంతువు. మునిమాపు వేళ గింజల సంచి తీసుకెళ్ళి, "మీ ఆయన బతికున్నప్పుడు మా ఇంట్ల బదులిచ్చిండమ్మా, గది తీర్సనీకి వచ్చిన" అనేదట ఒకామె ప్రతి ఇంట్లోనూ. అందరికీ తెలుసు అది అబద్ధమని. అందుకునే ఇల్లాలికీ తెలుసు. తెలిసీ ఇద్దరూ ఆ మాట మీదే నిలబడేవారు. అబద్ధమాడటం పాపం కదా అని ఒక కుర్ర పాస్టరు ఈ కథ మీద అభ్యంతరం చెప్పాడు నాతో. అతనికి ఆకలి తెలియదు.

ఇక కోత పండుగ సంగతి. పంట ఇంటికొచ్చాక తొలిగింజలు, తొలికాయలు గుడికి తెస్తారు. ఆరాధన ముగిశాక వేలం. ఎక్కడా ఇంత తలకిందుల వేలం ఉండదు: ధర పెంచడానికి కొనేవాడే తాపత్రయపడతాడు. అంగట్లో చవగ్గా దొరికే గుమ్మడికాయ అయిదొందలకు పోతుంది. కొన్నవాడు దాన్ని మళ్ళీ బల్ల మీదే పెడతాడు, మళ్ళీ వేలం. ఒకే కాయ మూడుసార్లు అమ్ముడుపోతుంది. చివరికి ఆ కాయ ఏ ముసలమ్మ కొంగులోనో చేరుతుంది. పాట పాడినట్టు వేలం నడిపే సంఘ పెద్దలున్నారు పాలమూరు ఊళ్ళలో. ఎవరి దగ్గర ఎంత ఉందో, ఎవరిని ఎక్కడ ఆపాలో వాళ్ళకు తెలుసు. కూలోడు పౌరుషానికి పోయి పాట పెంచుతుంటే, గబుక్కున ఇంకొకరి మీదికి మాట మళ్ళించి అతన్ని కాపాడతారు. గొప్ప వేలందారుడి ప్రతిభ అక్కడే కనిపిస్తుంది.

గింజల విద్య ఇంత. దీనికంటే కష్టమైనది శనివారం విద్య.

నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల. రొట్టె, ద్రాక్షారసం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు పెట్టిన షరతు మన సంఘాల్లో అందరికీ తెలిసిందే: తనను తాను పరీక్షించుకోకుండా ఎవరూ దాన్ని ముట్టుకోరాదు. ఆ అధ్యాయం తిరగేసినవాళ్ళకు ఇంకొకటి కూడా తెలుస్తుంది. పౌలు అంత కోపంగా రాయడానికి కారణం, సంఘంలో కలిగినవాళ్ళు ముందే వచ్చి కడుపునిండా తినేసి, లేనివాళ్ళను ఆకలితో ఉంచడం. అంటే ఆత్మపరీక్షకు మూలం అన్నం దగ్గరే ఉంది. దీన్ని మన పాత బోధకులు చక్కగా పట్టుకున్నారు. శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక పెట్టేవాళ్ళు. దీపం పెట్టి, చాప పరిచి, ఇరవై ముప్పై మంది. పాట, ప్రార్థన, ఆ తర్వాత మౌనం. ఆ మౌనంలోకి బోధకుడు మూడు ప్రశ్నలు వేసేవాడు. ఎవరితో మాట్లాడ్తలేవు? ఎవరి కైకిలి బాకీ ఉన్నవు? ఎవరి సొమ్ము నీ ఇంట్ల ఉంది?

ఎంత గట్టి ప్రశ్నలో చూడండి. నీకు పరలోకం కనబడుతోందా, కన్నీళ్ళు వస్తున్నాయా అని అడగలేదు. పేర్లు, పైసలు, వస్తువులు అడిగాడు. ఆ తర్వాత కూడిక ముగించేసి అందరినీ ఇళ్ళకు పంపేవాడు, ఎందుకంటే అసలు పని అప్పుడు మొదలవ్వాలి. తోటికోడలి ఇంటి గడప తొక్కి ఏడాదైనవాళ్ళు ఆ రాత్రి వెళ్ళి తలుపు కొట్టాలి. గట్టు జరిపి దున్నినవాడు పొద్దున్నే గట్టు సరిచెయ్యాలి. బదులు తెచ్చిన గొడ్డలి, సోలెడు నూనె, నాగలికర్రు తిరిగివ్వాలి. ఆదివారం పొద్దున రొట్టె పళ్ళెం తన ముందుకొచ్చినప్పుడు, పని పూర్తిచెయ్యనివాడు చెయ్యి చాపకుండా పక్కవాడికి అందించేస్తాడు. ఎవరూ ఏమీ అడగరు. వచ్చే నెల దాకా అతనికి గడువు.

ఒక ఊరి బోధకుడు తనే బల్ల దగ్గర నిలబడి, రొట్టె విరిచి, అందరికీ పంచి, తాను మాత్రం తీసుకోకుండా పళ్ళెం మీద గుడ్డ కప్పేశాడట. ఆరాధనయ్యాక పెద్దలు పక్కకు పిలిచి అడిగితే, "నిన్న మాపటేల ఇంటామె మీద చెయ్యి లేపిన. ఇంక మాఫ్ చెయ్యలే" అన్నాడట. పాలమూరు సంఘాల్లో పెద్దవాళ్ళు ఈ కథ చెప్పుకుంటారు, ఒక్కొక్కరు ఒక్కో ఊరి పేరుతో. ఎన్ని ఊళ్ళ పేర్లు వినబడితే అంత మంచిదనుకుంటాను.

ఈ సంప్రదాయం ఎక్కణ్నుంచి వచ్చిందో గబగబా చెప్పేస్తాను. 1860 జనవరి 6న దక్షిణ రష్యాలోని మొలోచ్నా కాలనీలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో, 18 మంది మెన్నొనైట్ ఇంటిపెద్దలు పాత సంఘం నుంచి విడిపోతున్నామని సంతకాలు పెట్టారు. వాళ్ళ ఫిర్యాదుల్లో పెద్దది ప్రభు బల్ల గురించే: బతుకు మార్చుకోనివాళ్ళతో కలిసి ఆ బల్ల దగ్గర కూర్చోలేమని. అలా పుట్టింది మెన్నొనైట్ బ్రదరెన్. ఆ గుంపు నుంచి అబ్రహాం ఫ్రీసెన్ 1889లో భార్య మరియాతో మన దేశానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద నల్లగొండలో పని మొదలుపెట్టాడు. అప్పటికే ఎల్బర్ట్ చూట్ అనే బాప్టిస్టు దొర పాలమూరులో ఉన్నాడు. ఫ్రీసెన్ తర్వాత కార్నీలియస్ ఉన్రూ నల్లగొండలో దశాబ్దాలు గడిపాడు. అమెరికాలో స్థిరపడిన మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ళు 1899 నుంచి విడిగా రావడం మొదలుపెట్టి, నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, శంషాబాద్‌లలో నిలదొక్కుకున్నారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల బాప్టిస్టుల నుంచి వీళ్ళ చేతికి వచ్చాయి. తేదీలకు ఇంతే చాలు.

దొరలను పొగిడి దండలేసే పని నాది కాదు. ఎర్రటి ఎండలో కచ్చరం బండి మీద తిరిగారు, నిజమే; బంగళాల్లోనూ ఉన్నారు. మాదిగవాడల్లో, మాలవాడల్లో పిడికెడు తీసిన చేతులకు రావలసిన పేరు బంగళాలకు పోయిందన్నదే నా బాధ. అయినా ఒక దొరసానిని వదలబుద్ధి కాదు. కథరీనా షెలెన్‌బర్గ్, డాక్టరమ్మ. 1907లో వచ్చింది, ఎక్కువ కాలం శంషాబాద్‌లో వైద్యం చేసింది, 1945లో ఇక్కడే కన్నుమూసింది. ఆ తర్వాతి తరంలో జడ్చర్లలో వెలసిన మెన్నొనైట్ బ్రదరెన్ ఆస్పత్రి పాలమూరు పేదలకు ఎంత అండగా నిలిచిందో ఆ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు.

ఇక ఒంగోలు పక్కకు ఒక్క అడుగు వేస్తాను, ఎందుకంటే మన నల్లగొండ, పాలమూరు బాప్టిస్టుల బుద్ధులు అక్కడ తయారయ్యాయి. 1876-78 కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించాడు. ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మమిమ్మని వేలమంది అడిగినా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట ఎవరూ అనకూడదని. కరువు సాయం ఆగిపోయాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ అంకెకంటే, ఏడాదికి పైగా ఇవ్వకుండా ఆగడమే పెద్ద ఘనత. అన్నం పెట్టి, దానికి బదులుగా ఏమీ అడక్కపోవడం చేతనైనవాడే దానం తెలిసినవాడు.

క్లౌకు అంతటి జనాన్ని తెచ్చిపెట్టింది ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళు. తోలుపని చేసే మాదిగ. క్రీస్తు మాట వినకముందే యోగం నేర్చి, గంటలకొద్దీ కళ్ళు మూసుకుని తనను తాను వెతుక్కున్న మనిషి. 1866లో బాప్తిస్మం పొందాడు. క్లౌ భార్య ఎమ్మా 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఇతని కథ ఉంది. ఆత్మపరీక్ష పడమటి నుంచి ఓడెక్కి వచ్చిందనేవాళ్ళకు పేరయ్య పేరు చెప్పాలి. మన వాడల్లో ఆ అలవాటు ముందే ఉంది.

ఈ పేదల సంఘాలే 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, చెరుకుతోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువాళ్ళ దగ్గరకు పంపాయి. పంపింది అమెరికా వాళ్ళు కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత సొసైటీ. గింజ గింజా ఏరుకున్నవాళ్ళు సముద్రం దాటి మనిషిని పంపారు!

దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యను చెప్పకపోతే ఈ వ్యాసం అరకొరే. (దోర్నకల్ ఉన్నది మహబూబాబాద్ జిల్లాలో, పేరు దగ్గరగా ఉందని మా మహబూబ్‌నగర్‌లో కలిపేయకండి.) 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చి, 1945లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. క్రైస్తవుడు ఇవ్వడం ఎలా అన్నదాని మీదే ఒక పుస్తకం రాశాడు. సంఘం ఎంత పేదదైనా ఇవ్వడం నేర్పకపోతే దాన్ని అవమానించినట్టేనన్నది అతని పట్టు. పేదవాణ్ణి ఎప్పుడూ చెయ్యి చాపేవాడిగానే చూసే దాతలందరూ చదవాల్సిన మనిషి.

నిరాడంబరతలో నా ఓటు భక్తసింగ్‌కు. మెన్నొనైట్ మిత్రులు అలుగుతారు, అలగనీ. పంజాబులో 1903లో పుట్టి, ఇంగ్లండు, కెనడాల్లో ఇంజనీరింగు చదివిన మనిషి, 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సంఘాన్ని స్థాపించి, 2000 సెప్టెంబరులో చనిపోయేదాకా డబ్బు కావాలని ఎవరినీ అడగలేదు. విజ్ఞప్తి లేదు, చందా పుస్తకం లేదు. మోకాళ్ళ మీద గంటలు గంటలు. ఆయన సభల్లో ప్రేమవిందు చూసినవాళ్ళు ఇప్పటికీ మరిచిపోరు: నేల మీద వరసగా కూర్చోబెట్టి, అన్నం, సాంబారు. పక్కన కూర్చున్నది ఇంజనీరో, మాదిగవాడ కూలోడో తెలియదు. హోటల్లో కూలోడికి వేరే గ్లాసు పెట్టిన నల్లగొండ, పాలమూరు ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళకు ఆ బంతిభోజనం ఎంత పెద్ద సంగతో బయటివాళ్ళకు చెప్పి ఒప్పించలేం.

కథోలికుల పని కూడా ఒప్పుకోవాలి, నాకు కొంచెం కష్టమైనా. విభూది బుధవారం నుంచి నలభై రోజుల తపస్సుకాలం, గురువు ముందు పాపసంకీర్తనం, మాంసం మానేసి మిగిల్చిన డబ్బు పేదలకు: వాళ్ళ పద్ధతిలో ఒక క్రమశిక్షణ ఉంది, మన బాప్టిస్టుల దగ్గర మనిషిని బట్టి మారిపోయేది వాళ్ళ దగ్గర క్యాలెండరులోనే ఉంటుంది. 1976లో నల్లగొండ మేత్రాసనం ఏర్పడింది. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ లుయీజీ పెజ్జోని నల్లగొండలో కుష్ఠురోగులకు చేసిన సేవకు ఏ శాఖవాడైనా దండం పెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు కడుపుమంట.

మొన్న ఒక పెద్ద పట్టణపు సంఘంలో పిడికెడు బియ్యం గురించి మాట్లాడితే నవ్వారు. "ఇంకా బియ్యమేంది సార్, స్కానర్ పెట్టినం గద" అన్నారు. స్కానర్ మీద నాకు కోపం లేదు. పుణెలో మట్టిపని చేసుకునే పాలమూరు కుర్రాడు ఫోన్ నుంచి వంద రూపాయలు పంపితే అది కూడా కానుకే. కానీ ఫోన్‌లోంచి పోయిన వందతో ఆ పూట కుండలో ఏమీ తగ్గదు. తగ్గినట్టు తెలియాలి, అదే కదా మొత్తం విద్య.

అసలైన నకిలీ టీవీలో ఉంది. విత్తనం నాటండి, నూరంతలు కోయండి! వెయ్యి పంపితే లక్ష! నూనె సీసా, రుమాలు, అకౌంట్ నెంబరు. ఇది దానం ఎలా అవుతుంది? చిట్టీల వ్యాపారానికి దీనికి తేడా ఏమిటి? అమ్మమ్మలు పిడికెడు తీసేటప్పుడు తిరిగొస్తుందని తీశారా? సాక్ష్యం చెప్పమంటే వెనకటి మనుషులు నిలబడి, "అన్న భూమి మింగిన, మొన్న తిరిగిచ్చిన" అని చెప్పి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు సాక్ష్యమంటే కారు కొన్న కథ, వీసా వచ్చిన కథ, ప్లాటు రిజిస్ట్రేషన్ అయిన కథ. యేసు తన ఇంటికొస్తే సుంకపు గుత్తదారు జక్కయ్య సగం ఆస్తి పంచిపెడతానన్నాడు, దోచినదానికి నాలుగింతలు కడతానన్నాడు. అదే యేసు మన టీవీ బోధకుడి ఇంటికొస్తే ముందు కారుషెడ్డు చూస్తాడు.

క్రిస్మస్‌కు దుప్పట్ల పంపకం చూశారా? ఒక దుప్పటికి ఎనిమిది చేతులు. వెనక ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో ఇచ్చేవాళ్ళ మొహాలన్నీ. మధ్యలో ముసలమ్మ, ఫోటో అయ్యేదాకా కదలొద్దని ఆపేసిన ముసలమ్మ. అదే ఫోటో సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో. అబద్ధమాడైనా సరే, తీసుకునేవాళ్ళ పరువు దాచిన ఆ బైబిల్ స్త్రీ ఈ ఫోటో చూస్తే ఏమనేదో!

పెళ్ళిళ్ళు. ఒకప్పుడు మా వైపు గుడి పెళ్ళంటే తెల్ల నూలుచీర, పూలదండ, పప్పూ అన్నం, సాయంత్రానికి ఎవరిళ్ళకు వాళ్ళు. అప్పు చేసి పెళ్ళి చేస్తే సంఘ పెద్దలు నిలదీసేవాళ్ళు. ఇప్పుడు అదే ఇళ్ళలో ఏసీ ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, కట్నం. కట్నం తీసుకున్న పెళ్ళికి ప్రార్థన చెయ్యనన్న పాస్టర్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు; వాళ్ళకు పెళ్ళిళ్ళు తగ్గిపోయాయి.

మిషన్ కాంపౌండు జాగాల గురించి రాయాలంటే చెయ్యి వణుకుతుంది. హైవే పక్కన భూముల ధరలు లేచాక, పేదల బడి కోసం, ఆస్పత్రి కోసం ఇచ్చిన నేలల మీద కోర్టు కేసులు, వర్గాలు, పోటీ కమిటీలు. ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకున్నవాళ్ళు అదే ఆదివారం ఒకే పళ్ళెంలోంచి రొట్టె తీసుకుంటున్నారు. 1860లో 18 మంది దేనికోసం సంతకాలు పెట్టారో ఆ సంఘం పిల్లలకు ఎవరు గుర్తుచెయ్యాలి? శనివారం సిద్ధపాటు కూడిక చాలాచోట్ల ఎప్పుడో ఆగిపోయింది. శనివారం రాత్రి ఇప్పుడు కీబోర్డు ప్రాక్టీసు.

పేదరికం పోయిందా, ఇవ్వాల్సిన అవసరం తీరిందా అంటే అదీ లేదు. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవం తీసుకున్నవాళ్ళు కాగితం మీద బీసీ-సి. ఆ గుంపుకు ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. వలసలు ఆగలేదు. ఊరి బోధకుడి జీతం చెబితే మీరు నమ్మరు. పల్లె గుళ్ళలో గంప ఖాళీగా ఉంటే మొదట పస్తుండేది అతని పిల్లలే.

మెన్నొనైట్ మిషనరీల ఇంట పుట్టి శంషాబాద్‌లో కళ్ళు తెరిచిన పాల్ హీబర్ట్ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొండూరు ఊరి మీద 1971లో పెద్ద పరిశోధన గ్రంథం అచ్చువేశాడు. ఒక ఊరి కులాలు, చుట్టరికాలు, పంచాయితీలు అన్నీ అందులో ఉన్నాయి. పిడికెడు బియ్యం మీద, సిద్ధపాటు శనివారాల మీద మనవాళ్ళు అలాంటి పుస్తకం ఒక్కటైనా రాయొద్దా? బైబిల్ స్త్రీల పేర్లు కూడా మన దగ్గర సరిగ్గా లేవు. సమాధుల మీద పేర్లున్నవి దొరలవే.

సంఘ పెద్దలారా, పాస్టరయ్యలారా, మీకు నా మనవి. వచ్చే కోత పండుగలోగా మీ ఊరి ముసలమ్మల దగ్గరకు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. ఏ గింజ తీశారు, ఎవరు నేర్పారు, ఎవరింటికి చేర్చారు, అడిగి రాయండి. బీరువాల్లో చెదలు తింటున్న సంఘం పుస్తకాలను ఫోటోలు తీసి దాచండి. స్కానర్ తీసెయ్యనక్కర్లేదు, దాని పక్కనే గంప పెట్టండి. మొదటి ఆదివారానికి ముందు శనివారం ఒక్క గంట కీబోర్డు ఆపి, ఆ మూడు ప్రశ్నలు అడగండి. ముందు కమిటీ సభ్యులను అడగండి.